తెరుచుకోని వేలు: డూపిట్రెన్ జబ్బుకు ఏ చికిత్స, ఎప్పుడు

పిడికిలి బిగించమంటే బిగిస్తారు. బలం తగ్గలేదు, నొప్పి కూడా లేదు. అన్నం కలుపుకోవడానికి, సంచి మోయడానికి అడ్డం లేదు. చేయి తెరవమన్నప్పుడే తేడా బయటపడుతుంది. చూపుడు వేలు, మధ్య వేలు చక్కగా సాగుతాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు సగంలో ఆగిపోతాయి. రెండో చేత్తో పట్టుకుని లాగినా రావు. ముఖం కడుక్కుంటుంటే వేలికొస కంట్లో పొడుచుకుంటుంది. జేబులోకి చేయి దూరదు. ఎవరికైనా నమస్కారం పెట్టబోతే అరచేతులు రెండూ కలవవు. వైద్యులు దీన్ని డూపిట్రెన్ కాంట్రాక్చర్ అంటారు. ఈ జబ్బు తీసేసేది వేళ్లు ముడిచే శక్తిని కాదు, తెరిచే వీలును.

ఇలాంటి చేయి చూడగానే మన ఇళ్లలో వినిపించే మాట ‘నరం పట్టేసింది’. పాపం, తెలుగులో ‘నరం’ చాలా బరువు మోస్తుంది. రక్తనాళాన్నీ నరమే అంటాం, స్పర్శ తెలిపే నాడినీ నరమే అంటాం, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువునూ నరమే అంటాం. ఈ జబ్బులో చెడింది మాత్రం ఈ మూడింటిలో ఏదీ కాదు. చేతి వెనుక చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి ఎత్తితే తేలిగ్గా పైకి లేస్తుంది. అరచేతి చర్మాన్ని అలాగే ఎత్తబోతే లేవదు. దాని అడుగున ఒక గట్టి పొర పరుచుకుని, చర్మాన్ని కిందికి కట్టి పట్టుకుని ఉంటుంది. పార పట్టినా, తాడు లాగినా అరచేతి చర్మం జారిపోకుండా ఉండేది ఆ పొర వల్లే. డూపిట్రెన్ జబ్బు ఆ పొరది.

పొరలోని మామూలు కణాలు కొన్ని స్వభావం మార్చుకుని, కండర కణాల్లా ముడుచుకునే గుణం తెచ్చుకుంటాయి. చుట్టూ ఉన్న కొల్లాజెన్ అనే ప్రొటీన్ పీచును కొద్దికొద్దిగా దగ్గరకు లాగుతూ, లాగినచోట కొత్త పీచు అల్లి బిగిస్తాయి. మొదట ఉంగరపు వేలి మొదట్లో, అరచేతి అడ్డగీత దగ్గర చిన్న బొడిపె తగులుతుంది. చర్మం అక్కడ గుంట పడుతుంది. కొన్నేళ్లకు బొడిపె నుంచి వేలి వైపు తాడులాంటి పోగు సాగుతుంది. ఆ తాడు కురచ అవుతున్న కొద్దీ వేలు లోపలికి వంగుతుంది. అందరిలోనూ ఇది చివరిదాకా నడవదు. చాలామందిలో బొడిపె దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోతుంది. చికిత్సల గురించి వినిపించే సగం గందరగోళానికి కారణం ఇదే. దానంతట అదే ఆగిపోయే జబ్బును ఆపామని చెప్పుకోవడం ఎవరికైనా సులువే.

జబ్బుకు పేరిచ్చిన గియోమ్ డూపిట్రెన్ పారిస్‌లోని ఓటెల్ డ్యూ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు. 1831లో ఒక ద్రాక్షసారా వ్యాపారి చేతిలోని ఈ పొరను కోసి వేళ్లను తెరిచాడు. మత్తుమందు ఇంకా రాని కాలం అది. ఈథర్ ఆపరేషన్ గదిలోకి రావడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. నిజానికి దోషం స్నాయువుది కాదు, పొరది అని లండన్‌లో హెన్రీ క్లైన్ అంతకు ముందే శవాల చేతులు కోసి గుర్తించాడు. ఆయన శిష్యుడు ఆస్ట్లీ కూపర్ సన్నని కత్తితో చర్మం కింద పొరను తెంపవచ్చని 1822లోనే రాశాడు. పేరు మాత్రం డూపిట్రెన్‌కు దక్కింది. వైద్యంలో పేర్లు చాలావరకు ముందు చూసినవాడికి కాక, గట్టిగా చెప్పినవాడికే దక్కుతాయి.

ఇది ప్రధానంగా ఉత్తర ఐరోపా మూలాలున్నవారి జబ్బు. అందుకే అక్కడి జనం, తమ ప్రాంతపు ఒకప్పటి సముద్ర యోధుల పేరిట, దీన్ని ‘వైకింగుల జబ్బు’ అని పిలుచుకుంటారు. డెన్మార్క్‌లో కవలలపై జరిపిన అధ్యయనం దీనిలో వంశపారంపర్యం వాటా 80 శాతం దాకా ఉందని తేల్చింది. 2023లో వచ్చిన ఒక జన్యు పరిశోధన ఈ జబ్బుతో ముడిపడిన 61 జన్యు తేడాలను గుర్తించింది. వాటిలో మూడు ఎప్పుడో అంతరించిపోయిన నియాండర్తల్ మానవుల నుంచి వచ్చినవని, బలమైన సంబంధం ఉన్న రెండో, మూడో తేడాలు ఆ మూడింటిలోవేనని తేలింది. వైకింగుల మీద వేసిన నింద ఇంకా చాలా వెనక్కి పోయిందన్నమాట. యాభై దాటిన మగవారిలో ఎక్కువ. మధుమేహం, మద్యం, పొగ, ఏళ్ల తరబడి అదిరే యంత్రాలతో పని కూడా దీనితో ముడిపడి ఉన్నాయి. బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ 1986లో, అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రేగన్ 1989లో ఇందుకు ఆపరేషన్ చేయించుకున్నారు.

తెలుగు నేల మీద ఇది అరుదు. కాబట్టి ఇక్కడ వంగిన వేలు కనబడితే ‘ఏ చికిత్స’ అనే ముందు ‘ఇది అదేనా’ అని అడగాలి. మన దగ్గర వేలు వంగడానికి ఇంతకన్నా మామూలు కారణాలు నాలుగైదు ఉన్నాయి. ఒకదాని మందు మరోదానికి పనికిరాదు.

పొద్దున లేవగానే వేలు ముడుచుకుని ఉండి, రెండో చేత్తో లాగితే టక్కున తెరుచుకుంటే అది ట్రిగ్గర్ ఫింగర్. అక్కడ స్నాయువు తన గొట్టంలో ఇరుక్కుంటోంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తోనో, చిన్న కోతతోనో చాలావరకు నయమవుతుంది. మధుమేహం ఏళ్ల తరబడి ఉన్నవారిలో చేతి కీళ్లన్నీ కొద్దికొద్దిగా బిగుసుకుని, నమస్కారం పెడితే రెండు చేతుల వేళ్ల మధ్య సందు మిగులుతుంది. వైద్యులు నిజంగానే నమస్కారం పెట్టించి చూస్తారు. అది మరో సంగతి. మధుమేహుల్లో అసలు డూపిట్రెన్ కూడా వస్తుంది. కానీ వారిలో అది సాధారణంగా మెత్తగా నడుస్తుంది, ఆపరేషన్ దాకా వెళ్లేవారు తక్కువ.

మరచిపోకూడనిది కుష్ఠు. ఆ జబ్బులో చిటికెన వేలి వైపు వచ్చే ఉల్నార్ నాడి దెబ్బతింటే సరిగ్గా ఈ రెండు వేళ్లే, ఉంగరపు వేలూ చిటికెన వేలే, పక్షి గోళ్లలా వంగుతాయి. తేడా జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది. కుష్ఠు చేతిలో వేలు అరచేతిని కలిసే కణుపు వెనక్కి విరుచుకుని, పై కణుపులు ముడుచుకుంటాయి. డూపిట్రెన్‌లో ఆ మొదటి కణుపే ముందు లోపలికి వంగుతుంది. కుష్ఠులో తొలి దశలో వేలిని పట్టి సాగదీస్తే సాగుతుంది, డూపిట్రెన్‌లో సాగదు. కుష్ఠులో చిటికెన వేలి వైపు స్పర్శ పోతుంది, అరచేతిలో తాడు ఉండదు. ఇక చిన్నప్పుడు కాలిన చేయి, ఎముక విరిగినప్పుడు బిగించి కట్టిన నాటు కట్టు వల్ల ముంజేతి కండరాలు రక్తం అందక చచ్చి ముడుచుకుపోయిన చేయి వేరే కథలు. అరచేతిని తాకి చూసినప్పుడు తాడు తగలకపోతే డూపిట్రెన్ అనే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

తేలిందనుకుందాం, డూపిట్రెనే. మొదటి చికిత్స ఏమీ చేయకపోవడం. ఇది తప్పించుకునే మాట కాదు. ఈ జబ్బును కూకటివేళ్లతో పీకేసే మందు ఇప్పటికీ లేదు. ఉన్న పద్ధతులన్నీ వంపును సరిచేసేవే గానీ జబ్బును పోగొట్టేవి కావు. వంపు లేనప్పుడు వాటితో పని లేదు. ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. భోజనం బల్ల మీదో, నున్నని నేల మీదో అరచేతిని బోర్లా పెట్టాలి. చేయి పూర్తిగా ఆనితే ఆగవచ్చు. అరచేతికీ బల్లకూ మధ్య పెన్ను దూరేంత సందు వస్తే చేతి శస్త్రవైద్యుణ్ణి కలిసే సమయం వచ్చింది. మొదటి కణుపు వంపు 30 డిగ్రీలు దాటినా, నడి కణుపు ఎంత వంగినా చికిత్స గురించి ఆలోచించాలని చాలామంది వైద్యుల లెక్క.

నడి కణుపుకు ఈ ప్రత్యేక మర్యాద ఎందుకంటే, అది క్షమించదు. మొదటి కణుపు పక్కల ఉండే బంధనాలు వేలు వంగినప్పుడు సాగి ఉంటాయి. కాబట్టి ఎన్నేళ్లు వంగి ఉన్నా అవి కురచ కావు. తాడు తెంపగానే వేలు తెరుచుకుంటుంది. నడి కణుపు అమరిక వేరు. కొంతకాలం వంగి ఉంటే కీలు ముందువైపు పొర కూడా కుంచించుకుపోతుంది. అప్పుడు తాడును మొత్తం తీసేసినా కీలే అడ్డుపడుతుంది. చిటికెన వేలి నడి కణుపు వంపును ‘నొప్పి లేదు కదా’ అని పదేళ్లు ఊరుకున్నవారికి ఎంత మంచి శస్త్రవైద్యుడైనా పూర్తి వేలును తిరిగి ఇవ్వలేడు.

వంపు రాకముందే ఆపలేమా అన్నది అందరూ అడిగే ప్రశ్న. నూనె మర్దనాలు, బలవంతంగా వేళ్లు విరవడం, రాత్రి పూట బద్దలు కట్టుకోవడం తాడును ఆపినట్టు ఆధారాలు లేవు. జర్మనీలో తొలి దశ బొడిపెలకు రేడియేషన్ ఇవ్వడం చాలాకాలంగా ఉంది. రోజుకు 3 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం) చొప్పున ఐదు రోజులు, కొన్ని వారాల విరామం, మళ్లీ ఐదు రోజులు, మొత్తం 30 గ్రే. చర్మం పొడిబారడం తప్ప పెద్ద ఇబ్బంది ఉండదంటారు. కానీ పైన చెప్పిన చిక్కు ఇక్కడే అడ్డొస్తుంది. తొలి దశ బొడిపెల్లో చాలా వాటంతట అవే ఆగిపోతాయి కాబట్టి, ఆపింది కిరణమా కాలమా అని విడదీయడం కష్టం. నొప్పెట్టే బొడిపెలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే అది మెత్తబడవచ్చు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కీళ్లవాతానికి వాడే అడాలిముమాబ్ మందును మూడు నెలలకోసారి, ఏడాదిపాటు, నేరుగా బొడిపెలోకి ఎక్కించి చూశారు. 2022లో వచ్చిన ఫలితాల్లో బొడిపె గట్టిదనం, పరిమాణం తగ్గాయి. అయితే బొడిపె తగ్గడం వేరు, పదేళ్ల తర్వాత వేలు వంగకపోవడం వేరు. రెండోది ఇంకా రుజువు కావాలి.

వేలు వంగాక దారులు మూడు: సూది, ఎంజైమ్, కత్తి.

సూది పద్ధతిని 1970ల్లో పారిస్‌లోని కీళ్లవాత వైద్యులు మళ్లీ వాడుకలోకి తెచ్చారు. శస్త్రవైద్యులు కాని వారు దీన్ని తెచ్చారన్నది గమనించదగ్గ విషయం. ఆపరేషన్ థియేటర్ కూడా అక్కర్లేదు. తాడు చర్మానికి దగ్గరగా తగిలేచోట కొద్దిగా మత్తుమందు వేస్తారు. చర్మం మొద్దుబారాలి గానీ వేలు మొత్తం మొద్దుబారకూడదు. సూది మొన నాడిని తాకితే వేలికొసకు జుమ్మని తెలియాలి, వెంటనే రోగి చెప్పాలి. అదే ఇక్కడ కాపలా. సూది అంచునే చిన్న కత్తిలా వాడుతూ తాడును అడ్డంగా కొద్దికొద్దిగా గీకుతారు. మధ్యమధ్య వేలిని ఆడించమని చూస్తారు. వేలు ఆడించినప్పుడు సూది కూడా కదిలితే అది తాడులో కాదు, స్నాయువులో ఉన్నట్టు. వెంటనే వెనక్కి తీస్తారు. నాలుగైదు చోట్ల తాడు బలహీనపడ్డాక వేలిని సాగదీస్తే, ఒక్కోసారి గదిలో అందరికీ వినబడేలా టప్పున తెగుతుంది. చిన్న పట్టీ వేసి ఇంటికి పంపుతారు. వారంలో చాలామంది మామూలు పనుల్లో పడతారు.

ఇంత సులువైనదానికి వెల కూడా ఉంది. తాడు తెగింది గానీ లోపలే ఉంది. నెదర్లాండ్స్‌లో సూదిని, ఆపరేషన్‌ను పక్కపక్కన పెట్టి ఐదేళ్లు గమనించారు. సూది చేయించుకున్నవారిలో దాదాపు 85 శాతానికి వంపు తిరిగొచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నవారిలో 21 శాతానికి. ఇది చూసి సూదిని కొట్టిపారేయడం తొందరపాటు. అదే వేలికి మళ్లీ సూది వేయవచ్చు, చాలామంది రోగులు అదే కోరుకుంటారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి నాలుగేళ్లు తెరిచిన చేయి చిన్న లాభం కాదు.

రెండో దారి మరీ విచిత్రం. క్లాస్ట్రిడియం హిస్టోలిటికం అనే బ్యాక్టీరియా కండను కరిగించి తినడానికి స్రవించే కొల్లాజినేజ్ ఎంజైమ్‌ను శుద్ధిచేసి, 0.58 మిల్లీగ్రాములు తాడులోకి ఎక్కిస్తారు. ఒకటి నుంచి మూడు రోజుల్లో అది తాడును మెత్తబరుస్తుంది. అప్పుడు చేతికి మత్తు ఇచ్చి వేలిని సాగదీసి తెంపుతారు. 2009లో వచ్చిన అమెరికా పరీక్షలో ఎంజైమ్ ఇచ్చిన కీళ్లలో 64 శాతం దాదాపు తిన్నగా వచ్చాయి. మందు లేని ఉత్త ఇంజెక్షన్ ఇచ్చినవాటిలో 7 శాతమే. మరుసటి ఏడాది అక్కడ అనుమతి వచ్చింది. చేయి వాచి నల్లబడటం, చర్మం చిట్లడం మామూలే. ఎంజైమ్‌కు తాడు కొల్లాజెన్, స్నాయువు కొల్లాజెన్ ఒకటే కాబట్టి, ఇంజెక్షన్ గురి తప్పితే స్నాయువే తెగిపోయే ప్రమాదం ఉంది. తొలి పరీక్షలోనే ఇద్దరికి అలా జరిగింది. రక్తం పలుచబరిచే మందులు వాడేవారు జాగ్రత్తపడాలి. తిన్నగా వచ్చిన కీళ్లలో సగానికి కొంచెం తక్కువ ఐదేళ్లలో తిరగబెట్టాయి.

ఈ ఇంజెక్షన్‌ను కంపెనీ 2020లో ఐరోపా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. ప్రమాదం బయటపడి కాదు, వ్యాపార లెక్కలు కుదరక. దాంతో అమెరికాలో ఉన్న తెలుగువారికి వైద్యుడు చెప్పే మూడు దారులు, లండన్‌లో ఉన్న బంధువుకు రెండే అయ్యాయి. ఇంటర్నెట్‌లో చదివిన ‘ఆపరేషన్ లేని చికిత్స’ అందరి ఊళ్లోనూ దొరకదు.

మూడో దారి ఆపరేషన్. అరచేతి గీతల మీదుగా మెలికలు తిరిగే కోత పెట్టి, జబ్బుపడిన పొరను చూస్తూ తీసేస్తారు. కోత తిన్నగా పెట్టరు. తిన్నని మచ్చ మానేటప్పుడు ముడుచుకుని మళ్లీ వేలిని లాగుతుంది. ఇందులో కష్టమంతా నాడుల దగ్గరుంది. ప్రతి వేలికీ రెండు పక్కలా స్పర్శ నాడులు ఉంటాయి. కొన్ని తాడులు నాడి చుట్టూ మెలిక వేసుకుని, కురచ అయ్యేటప్పుడు దాన్ని తన చోటు నుంచి వేలి మధ్యకు, చర్మం కిందికి ఈడ్చుకొస్తాయి. పుస్తకంలో నాడి ఉండాల్సిన చోట తాడు, తాడు ఉండాల్సిన చోట నాడి. రెండోసారి ఆపరేషన్‌లో మచ్చల మధ్య ఈ వెతుకులాట ఇంకా కష్టమవుతుంది. అందుకే ఇది చేతి శస్త్రచికిత్స అలవాటున్నవారే చేయాల్సిన పని. చర్మం చాలనప్పుడు అరచేతి కోతను కుట్టకుండా వదిలేసే పద్ధతి ఒకటుంది. చూసేవారికి భయమేస్తుంది గానీ, ఆ పుండు కొన్ని వారాల్లో చక్కగా మానుతుంది, రక్తం గూడుకట్టదు. పదేపదే తిరగబెట్టే చేతుల్లో పైచర్మాన్ని కూడా తీసేసి, వేరేచోటి చర్మం అతికిస్తారు. అతికించిన చర్మం కింద జబ్బు తిరిగి రావడం తక్కువ. మధుమేహం ఉన్నవారు ముందుగా చక్కెర అదుపులోకి తెచ్చుకోవాలి, లేకపోతే ఏ కోతా సమయానికి మానదు.

మూడింటినీ ఒకేచోట పెట్టి చూసిన ఫిన్లాండ్ పరీక్ష 2024లో వెలువడింది. 302 మంది. మూడు నెలల దగ్గర మూడు పద్ధతులూ దాదాపు సమానం, 71 నుంచి 73 శాతం మందికి ఫలితం బాగుంది. రెండేళ్లకు ఆపరేషన్ 78 శాతం దగ్గర ఉండగా, ఎంజైమ్ 65కు, సూది 50కి పడిపోయాయి. ‘నాకు సూదితో అద్భుతంగా తగ్గింది’ అని మూడో నెలలో చెప్పినవారూ, ‘మళ్లీ వంగింది’ అని మూడో ఏట చెప్పేవారూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

కాబట్టి ఏది మంచిదని అడిగితే జవాబు రాదు. ఏ కణుపు, ఎంత వంపు, ఎంత వయసు, ఎన్ని వారాలు పని మానుకోగలరు అని అడిగితే వస్తుంది. అరవై దాటి, మొదటి కణుపే వంగి, తాడు చర్మం కింద స్పష్టంగా తగులుతుంటే సూదితో మొదలుపెట్టడంలో తప్పు లేదు. నలభైల్లోనే మొదలై, తండ్రికీ ఉండి, రెండు చేతులకూ వచ్చి, కణుపుల వెనక కాయలు కాసి, అరికాళ్లలో కూడా బొడిపెలు ఉంటే ఆ జబ్బు మొండిది. ఏం చేసినా తిరగబెట్టే అవకాశం ఎక్కువ కాబట్టి, ఆపరేషన్ చేయించుకున్నా మరొకటి ఉండొచ్చని మనసులో పెట్టుకునే వెళ్లాలి.

ఆపరేషన్ తర్వాత మొదటి వారం నుంచే వేళ్లు ఆడించాలి. అందరికీ నెలల తరబడి రాత్రి బద్ద కట్టడం ఒకప్పుడు ఆచారం. అలా కట్టించుకున్నవారికీ, వ్యాయామం మాత్రమే చేసినవారికీ తేడా లేదని బ్రిటన్‌లో జరిగిన పరీక్ష 2011లో తేల్చింది. వంపు తిరిగి మొదలైందనిపించిన వేలికి మాత్రమే ఇప్పుడు బద్ద కడుతున్నారు. వాపు పూర్తిగా తగ్గి పట్టు కుదరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అసలు తెరుచుకోవడమే పోయిన చేతికి, ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు పిడికిలి పూర్తిగా బిగియకపోవడం కొత్త సమస్య అవుతుంది. ఫిజియోథెరపిస్టు దగ్గర మొదటి నెలంతా నడిచే పని చాలావరకు అదే.